వత్రాప్ కృష్ణన్ గారు: విద్యుత్ క్షేత్రం పంపకాన్ని లెక్క కట్టిన మన జిల్లా శాస్త్రవేత్త

మన విరుదునగర్ జిల్లాలో పుట్టి పెద్ద పేరు తెచ్చుకున్నవాళ్ళు ఎవరని అడిగితే పిల్లలు వెంటనే కామరాజ్ గారి పేరు చెబుతారు. ఇంకొంచెం ఆలోచించినవాళ్ళు, మన అరుప్పుకోట్టై పక్కనే తిరుచ్చుళిలో పుట్టిన రమణ మహర్షి పేరు చెబుతారు. మూడో పేరు దగ్గర చాలామంది ఆగిపోతారు. ఆ పేరు కె.ఎస్. కృష్ణన్. పూర్తి పేరు కరియమాణిక్కం శ్రీనివాస కృష్ణన్. రామన్ ఎఫెక్ట్ ప్రయోగాల్లో సి.వి. రామన్ గారితో కలిసి పనిచేసినవారు. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలకు మొదటి డైరెక్టరు.

కృష్ణన్ గారు తమిళులు. మన పోర్టల్‌లో మామూలుగా మన తెలుగువాళ్ళ గురించే రాసుకుంటాం. కాని మనది ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం అయిన బతుకు. తరతరాలుగా ఇదే నేల మీద ఉన్నాం, ఇవే బళ్ళలో చదివాం. పక్క తాలూకాలో పుట్టిన గొప్పవాడు మనకూ సొంతమే. పైగా ఆయన చేసిన ఒక పని మన ఇంటి కరెంటుకు సంబంధించింది. రామన్ ఎఫెక్ట్ వెలుగులో ఆ పని కనబడకుండా పోయింది. దాని గురించి చెప్పాలనే ఇది రాస్తున్నాను. నేను గుమాస్తాగా చేసి రిటైరైనవాణ్ణి. పెద్ద లెక్కల జోలికి పోకుండా, మన ఇళ్ళల్లో చెప్పుకునే మాటల్లోనే చెబుతాను.

వత్రాప్ నుంచి కలకత్తాకు

కృష్ణన్ గారు 1898 డిసెంబరు 4న వత్తిరాయిరుప్పులో పుట్టారు. మనమందరం వత్రాప్ అని పిలిచే ఊరే. పడమటి కనుమల కింద, చతురగిరికి వెళ్ళే దారిలో ఉంటుంది. అప్పట్లో అది రామనాథపురం జిల్లా. విరుదునగర్ వేరే జిల్లాగా ఏర్పడింది 1985లో. తండ్రి వ్యవసాయదారు, తమిళంలోను సంస్కృతంలోను పాండిత్యం ఉన్నవారు. ఆ రెండు భాషల సాహిత్యం మీద ప్రేమ కొడుక్కు ఇంట్లోనే అబ్బింది, చివరిదాకా పోలేదు.

హైస్కూలు చదువు శ్రీవిల్లిపుత్తూరులో, తర్వాత మదురై అమెరికన్ కాలేజీలో, ఆ తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో. చదువు అయ్యాక అదే క్రిస్టియన్ కాలేజీలో రసాయన శాస్త్ర విభాగంలో డిమాన్‌స్ట్రేటరుగా చేరారు. చిన్న ఉద్యోగమే. కాని మధ్యాహ్నం భోజనాల వేళ పిల్లల్ని కూర్చోబెట్టుకుని భౌతికం, రసాయనం, గణితం, ఏది అడిగితే అది విడమరిచి చెప్పేవారు. ఆ కబుర్లు వినడానికి వేరే కాలేజీల కుర్రాళ్ళు కూడా వచ్చేవారట. జీతం కోసం చేసిన పాఠం కాదది. తెలిసింది పదిమందికీ పంచాలన్న తపన.

ఆ రోజుల్లో భౌతిక శాస్త్రంలో పరిశోధన అంటే కలకత్తా. అక్కడ బౌబజారు వీధిలో ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ అనే సంస్థ ఉండేది. సి.వి. రామన్ గారు అక్కడే ప్రయోగాలు చేసేవారు. ఆయన మొదట ప్రభుత్వ అకౌంట్స్ శాఖలో ఉద్యోగి. పొద్దున్నా సాయంత్రమూ ఈ సంస్థలో ప్రయోగాలు, మధ్యలో ఆఫీసు. 1917లో ఆ ఉద్యోగం వదిలి ప్రొఫెసరుగా మారారు. లెడ్జర్ల మధ్య జీవితం గడిపిన మాలాంటివాళ్ళకు ఈ సంగతి కొంచెం గర్వంగానే ఉంటుంది. 1923 చివర్లో కృష్ణన్ గారు రామన్ గారి దగ్గర పరిశోధనలో చేరారు. ఐదేళ్ళు అక్కడే ఉన్నారు.

క్షేత్రం అంటే ఏమిటి

కలకత్తాలో ఆయన ఏం చేశారో చెప్పే ముందు, మన ఇ.బి. సబ్‌స్టేషన్ గేటు దగ్గర ఒక నిమిషం ఆగుదాం.

వోల్టేజి అనే మాట అందరికీ తెలుసు. ఇంటికి 230 వోల్టులు, వీధి చివర ట్రాన్స్‌ఫార్మరుకు వచ్చేది 11 వేలు, ఊళ్ళ మధ్య పెద్ద లైన్ల మీద 110 వేలు, 230 వేలు, 400 వేలు. వోల్టేజి అంటే రెండు చోట్ల మధ్య ఉన్న మొత్తం తేడా. ఇంజనీర్లకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం ఆ మొత్తం కాదు. ఆ తేడా ఎంత దూరంలో, ఏ చోట ఎంత వాలుగా దిగుతోంది అన్నది. దాన్నే విద్యుత్ క్షేత్రం అంటారు.

చతురగిరి ఎక్కినవాళ్ళకు ఇది సులువుగా అర్థమవుతుంది. కింది నుంచి గుడి దాకా ఎత్తు అందరికీ ఒకటే. కాని దారి అంతా ఒకే వాలుగా ఉండదు. కొంత దూరం హాయిగా నడుస్తాం, కొన్నిచోట్ల నిటారుగా ఉంటుంది. మోకాళ్ళు పట్టేసేది ఆ నిటారు చోటే. కరెంటు పరికరంలోనూ అంతే. మొత్తం వోల్టేజి ఎంత ఉన్నా, వాలు అన్నిచోట్లా సమంగా ఉంటే పరికరం ఓర్చుకుంటుంది. ఒక్కచోట నిటారుగా అయిందా, అక్కడే చిల్లు పడుతుంది.

మన ఊరు నేత ఊరు కాబట్టి మగ్గం మీద పెట్టి కూడా చెప్పవచ్చు. పడుగు దారాలన్నీ సమానమైన బిగువులో ఉంటే బట్ట సాఫీగా దిగుతుంది. నాలుగు దారాలు మాత్రం ఎక్కువ బిగిస్తే తెగేవి ఆ నాలుగే. మిగతా వందలాది దారాలు ఎంత గట్టివైనా లాభం లేదు.

గాలి సుమారుగా సెంటీమీటరుకు 30 వేల వోల్టుల దాకా ఓర్చుకుంటుంది. ఆ పైన గాలి గాలిగా ఉండదు, కరెంటును దాటనిస్తుంది. సన్నని మొనలు, పదునైన అంచులు ఉన్నచోట క్షేత్రం గుమిగూడుతుంది. తుంపర పడే రాత్రి పెద్ద లైను కింద నిలబడితే చిటచిటమని వినబడే చప్పుడు అదే. తీగ మీద వేలాడే ఒక్కొక్క నీటి బొట్టూ ఒక మొన అవుతుంది.

అందుకే పెద్ద లైన్ల దగ్గర గుండ్రటి లోహపు రింగులు కనిపిస్తాయి. అలంకారం కోసం పెట్టినవి కావు. మొన దగ్గర గుమిగూడే క్షేత్రాన్ని విశాలమైన గుండ్రని ఒంటి మీద పరిచేయడానికి. 110 వేల వోల్టుల లైనుకు ఏడెనిమిది పింగాణీ డిస్కులు గొలుసులా వేలాడుతుంటాయి. అవన్నీ భారాన్ని సమంగా పంచుకుంటాయని మనం అనుకుంటాం. పంచుకోవు. తీగకు దగ్గరగా ఉన్న డిస్కు మీద ఎక్కువ పడుతుంది. ఇంకా పెద్ద లైన్లలో ఆ చివర రింగు పెట్టేది ఆ భారాన్ని కొంత సరిచేయడానికే.

ట్రాన్స్‌ఫార్మరు పైన కొమ్ముల్లా నిలబడే బుషింగులు కూడా ఇంతే. లోపల ఎక్కువ వోల్టేజి ఉన్న కడ్డీ, బయట భూమికి కలిపిన ఇనప పెట్టె. కడ్డీ ఆ పెట్టె కంతలోంచి బయటికి రావాలి. ఆ కంత అంచు దగ్గర క్షేత్రం నిటారుగా లేస్తుంది. దాన్ని అణచడానికి పెద్ద బుషింగుల్లో కడ్డీ చుట్టూ కాగితం పొరలు, వాటి మధ్య పలచటి లోహపు రేకులు చుడతారు. ఒక్కో రేకు ఒక్కో మెట్టు. కొండ చరియను మెట్లుగా కోసినట్టు మొత్తం వోల్టేజిని మెట్లు మెట్లుగా దింపుతారు. భూమిలో వేసే కేబుల్‌కు చివర పని చేసేవాళ్ళు పై కవచం కోసిన అంచు దగ్గర గరాటు ఆకారంలో ఒక ముక్క తొడుగుతారు. దాని పని కూడా అదే. ఆ అంచు దగ్గర గుమిగూడేదాన్ని మెల్లగా విప్పడం.

ఇక ట్రాన్స్‌ఫార్మరు లోపలికి వస్తే, అక్కడ నూనె, గట్టి కాగితపు అట్ట కలిసి ఉంటాయి. ఒకే వోల్టేజి ఈ రెండు పొరల మీదా పడినప్పుడు సమంగా పంచుకోవు. ఒక్కో పదార్థానికి విద్యుత్తును తనలో ఇముడ్చుకునే గుణం ఒక్కోలా ఉంటుంది. గాలికి అది 1 అనుకుంటే, ట్రాన్స్‌ఫార్మరు నూనెకు 2.2 దాకా, నూనె పీల్చిన అట్టకు సుమారు 4.4. తక్కువ అంకె ఉన్నదాని మీదే క్షేత్రం ఎక్కువ పడుతుంది. అంటే అట్ట మీద పడేదానికి రెండింతలు నూనె మీద పడుతుంది. అసలు అట్ట కంటే నూనెకే ఓర్పు తక్కువ. బలహీనుడి నెత్తినే పెద్ద మూట. ఇక అట్టలో చిన్న గాలి బుడగ మిగిలిపోయిందంటే మరీ ప్రమాదం. గాలి అంకె ఇంకా తక్కువ కాబట్టి భారం ఇంకా ఎక్కువ, ఓర్పు ఇంకా తక్కువ. ఆ బుడగలో కంటికి కనబడని నిప్పు రవ్వలు పుట్టి రోజూ కొంచెం కొంచెంగా అట్టను తినేస్తాయి. ఏ ఏడో ఎనిమిదో ఏట ఒక రాత్రి ట్రాన్స్‌ఫార్మరు పేలుతుంది. ఊరు చీకటవుతుంది. అందుకే కొత్త ట్రాన్స్‌ఫార్మరును ఎండబెట్టి, లోపలి గాలిని పూర్తిగా లాగేసి, ఆ తర్వాతే నూనె నింపుతారు.

ఇదంతా ఒక్క మాటలో చెప్పాలంటే, పైనుంచి మనం పెట్టిన వోల్టేజి ఒకటి, లోపల ఒక్కో చోట నిజంగా పడేది మరొకటి. ఆ పంపకం ఎలా జరుగుతుందన్నదే ప్రశ్న.

1927 నాటి లెక్క

ఇదే ప్రశ్నను ఇంకా లోతుకు, ఒక అణువు దాకా తీసుకుపోయినవారు రామన్, కృష్ణన్.

స్కాట్లాండుకు చెందిన జాన్ కెర్ అనే ఆయన 1875లో ఒక వింత కనిపెట్టారు. కొన్ని ద్రవాలకు బలమైన విద్యుత్ క్షేత్రం పెడితే, వాటిలోంచి పోయే కాంతి తీరు మారుతుంది. క్షేత్రం ఉన్న దిక్కున ఊగే కాంతి ఒక వేగంతో, దానికి అడ్డంగా ఊగే కాంతి మరో వేగంతో పోతాయి. క్షేత్రం తీసేస్తే తేడా పోతుంది. దీన్ని కెర్ ఎఫెక్ట్ అంటారు. దీనికి కారణం ద్రవంలోని అణువులు క్షేత్రం వైపు కొంచెం తిరగడమే అని 1910లో ఫ్రాన్సుకు చెందిన లాంజ్‌వాఁ సిద్ధాంతం చెప్పారు.

సిద్ధాంతం బాగానే ఉంది గాని, ద్రవాల దగ్గర లెక్కకూ కొలతకూ పొత్తు కుదరలేదు. ఎందుకు కుదరలేదు? అప్పటిదాకా అందరూ ఒక సులువైన ఊహ చేసుకున్నారు. ద్రవంలో ఒక అణువు చుట్టూ మిగతా అణువులు బంతిలా అన్ని వైపులా సమంగా పరుచుకుని ఉంటాయని. అప్పుడు ఆ అణువు మీద పడే క్షేత్రం ఏ దిక్కు నుంచి చూసినా ఒకటే.

కృష్ణన్, రామన్ ఆ ఊహనే ప్రశ్నించారు. అణువులు గోళీకాయలు కావు. బెంజీన్ అణువు బిళ్ళలా చదునుగా ఉంటుంది, మరికొన్ని కర్రలా పొడుగ్గా ఉంటాయి. బిళ్ళకు పై నుంచి పొరుగు అణువు ఎంతో దగ్గరికి రాగలదు, పక్క నుంచి అంత దగ్గరికి రాలేదు. కాబట్టి పొరుగువాళ్ళ పంపకం సమంగా ఉండదు. పొరుగువాళ్ళు సమంగా లేకపోతే అణువు మీద పడే క్షేత్రమూ సమంగా ఉండదు. అది ఏ వైపు తిరిగి ఉందన్నదాన్ని బట్టి మారుతుంది. ఈ సంగతిని లెక్కలో పెడితే కాంతి కొలతలు, విద్యుత్ కొలతలు ఒకదానికొకటి పొసగడం మొదలయింది. ఈ సిద్ధాంతం 1927, 1928లలో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ఇద్దరి పేర్లతోనూ వచ్చింది.

వినడానికి చిన్న సవరణలా ఉంటుంది. కాని పదార్థం లోపలి క్షేత్రాన్ని చూసే పద్ధతే దీనితో మారింది. ఒక అణువు భారం తన ఒక్కదాని గుణం వల్ల తేలదు. చుట్టూ ఎవరున్నారు, ఎంత దగ్గరగా ఉన్నారు, ఏ వైపున ఉన్నారు అన్నదాని వల్ల తేలుతుంది. పొరుగు మనుషుల మధ్య బతికే మనకు ఇది తెలియని సంగతేం కాదు. లెక్కలో పెట్టి నిరూపించడం మాత్రం కృష్ణన్ గారిలాంటివాళ్ళకే చేతనవుతుంది.

1928 ఫిబ్రవరి

సిద్ధాంతంలో మునిగి ఉన్న కృష్ణన్ గారిని రామన్ గారు 1928 ఫిబ్రవరి మొదట్లో ప్రయోగాల బల్ల దగ్గరికి పంపారు. శుద్ధి చేసిన ద్రవాల్లోకి ఎండను పంపి, చెదిరిన వెలుగులో రంగు మారిందేమో కంటితో చూడాలి. ఇద్దరూ కలిసి సుమారు అరవై ద్రవాలు పరీక్షించారు. ప్రతిదానిలోనూ కొత్త వెలుగు కనబడింది. ఫిబ్రవరి 28న అది ఖాయమైంది. ఇప్పుడు మనం జాతీయ విజ్ఞాన దినం జరుపుకునే తేదీ అదే. మార్చి 31 నాటి నేచర్ పత్రికలో వచ్చిన మొదటి ప్రకటన కింద ఉన్నవి రెండు పేర్లు, రామన్, కృష్ణన్.

1930లో నోబెల్ బహుమతి రామన్ గారికి వచ్చింది. ఎఫెక్టుకు పేరు ఆయనదే నిలిచింది. బహుమతి ఉపన్యాసంలో రామన్ గారు కృష్ణన్ పేరును తలచుకున్నారు. ఎవరి వాటా ఎంతన్న చర్చ తర్వాత చాలామంది చేశారు. మనం ఆ పంచాయితీలోకి పోనక్కర్లేదు. కృష్ణన్ గారి జీవితంలో అది ఒక నెల. ఆ తర్వాత 33 ఏళ్ళు ఆయన పని చేశారు. ఆ ఒక్క నెల గురించే మాట్లాడి మిగతాది మరిచిపోతే అదే ఆయనకు చేసే అన్యాయం.

మన తెలుగువాళ్ళకు ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అదే 1928లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం గారు కలకత్తా వచ్చి రామన్ గారి దగ్గర చేరారు. ద్రవాల్లో, స్ఫటికాల్లో దిక్కును బట్టి మారే గుణాల మీద ఆయనా ఎంతో పని చేశారు. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరుగా, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టరుగా, రక్షణ శాఖకు శాస్త్ర సలహాదారుగా ఎదిగారు. వత్రాప్ మనిషి వెళ్ళిన గడపలోకే ఆగిరిపల్లి మనిషీ అడుగుపెట్టాడు. అక్కడ ఎవరి భాష ఏదని ఎవరూ అడగలేదు.

ఢాకాలో స్ఫటికాలు

1928 డిసెంబరులో కృష్ణన్ గారు ఢాకా విశ్వవిద్యాలయంలో రీడరుగా చేరారు. సత్యేంద్రనాథ్ బోస్ గారు అప్పుడు అక్కడే ఉన్నారు. ద్రవంలో అణువులు ఎప్పుడూ కదులుతూ ఉంటాయి. స్ఫటికంలో మాత్రం కొలువులో నిలబడినట్టు వరసగా ఉంటాయి. దిక్కును బట్టి గుణం ఎలా మారుతుందో చూడాలంటే స్ఫటికమే మేలు. ఈసారి విద్యుత్ క్షేత్రం బదులు అయస్కాంత క్షేత్రం తీసుకున్నారు.

పద్ధతి ఎంతో సులువు, ఎంతో నాజూకు. చిన్న స్ఫటికాన్ని వెంట్రుక కంటే సన్నని క్వార్ట్జ్ పోగుకు కట్టి అయస్కాంతం మధ్య వేలాడదీస్తారు. స్ఫటికం తనకు నచ్చిన దిక్కుకు తిరిగి నిలుస్తుంది. పై నుంచి పోగును మెల్లగా మెలిపెడుతూ పోతే, ఒక కోణం దగ్గర స్ఫటికం ఇక తట్టుకోలేక గిర్రున తిరిగిపోతుంది. ఆ కోణం చూసి, ఆ స్ఫటికం ఒక దిక్కున ఎంత, మరో దిక్కున ఎంత అయస్కాంత గుణం చూపుతుందో కట్టేస్తారు. పెద్ద యంత్రం లేదు, పెద్ద ఖర్చు లేదు. కావలసింది స్థిరమైన చెయ్యి, ఓపిక.

1933లో కలకత్తా సంస్థకే మహేంద్రలాల్ సర్కార్ ప్రొఫెసరుగా తిరిగి వచ్చి, శాంతిలాల్ బెనర్జీ తదితరులతో ఈ పని కొనసాగించారు. లండన్‌లో ఎక్స్‌రేలతో స్ఫటికాలు చూసే కాథ్లీన్ లాన్స్‌డేల్ గారితో కలిసి 1936లో ఒక వ్యాసం ప్రచురించారు. కృష్ణన్ గారు పోయాక రాయల్ సొసైటీ కోసం ఆయన జీవిత చరిత్ర రాసింది ఆ లాన్స్‌డేల్ గారు, హోమీ భాభా గారు కలిసే. 1940లో కృష్ణన్ గారు రాయల్ సొసైటీ సభ్యులయ్యారు. 1942లో అలహాబాదు విశ్వవిద్యాలయం ప్రొఫెసరుగా వెళ్ళారు. 1946లో సర్ బిరుదు వచ్చింది.

ఢిల్లీలో తూకాలు, కొలతలు

1947 జనవరి 4న ఢిల్లీలో జాతీయ భౌతిక ప్రయోగశాలకు నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. 1950 జనవరి 21న సర్దార్ పటేల్ గారు ప్రారంభించారు. దాని మొదటి డైరెక్టరు మన వత్రాప్ కృష్ణన్ గారు. చనిపోయేదాకా ఆ బాధ్యతలోనే ఉన్నారు.

ఆ ప్రయోగశాల పని ఏమిటని అడిగేవాళ్ళకు ఒక్కటి చెబితే చాలు. వోల్టు అంటే ఎంత, కిలో అంటే ఎంత, మీటరు అంటే ఎంత అని ఈ దేశంలో చివరి మాట చెప్పేది అదే. దేశం శేరు, వీశె, మణుగు వదిలి కిలోలకు మారింది ఆయన కాలంలోనే. 1956లో చట్టం వచ్చింది, 1958 అక్టోబరు నుంచి కొత్త తూకాలు మొదలయ్యాయి. ఫ్రాన్సు నుంచి వచ్చిన 57వ నంబరు కిలో రాయి ఈ ప్రయోగశాలలోనే భద్రంగా ఉంది. మన అంగట్లో పప్పు తూచే రాయికి తాత అది. ఇ.బి. మీటరులోని వోల్టుకు తాత కూడా అక్కడే.

డైరెక్టరు అయ్యాక ఫైళ్ళ కింద పరిశోధన నలిగిపోతుందని అందరూ అంటారు. ఈయన మానలేదు. 1950లలో ఆయన తీసుకున్న ప్రశ్నల్లో ఒకటి, కరెంటుతో కాలే సన్నని తీగలో వేడి ఎలా పంచుకుంటుందన్నది. తీగ పొడుగునా వేడి సమంగా ఉండదు. చివర్లు పట్టుకున్న చోట చల్లగా, నడుమ ఎక్కువగా ఉంటుంది. ఎక్కడ ఎంతో ఆయన, ఆయన శిష్యులు కలిసి లెక్క కట్టారు.

ఆయన పనులన్నీ వరసగా పెట్టి చూస్తే ఒకే దారం కనబడుతుంది. ద్రవంలో విద్యుత్ క్షేత్రం, స్ఫటికంలో అయస్కాంత గుణం, తీగలో వేడి. మూడు చోట్లా ఆయన అడిగింది ఒకటే ప్రశ్న. పైకి సమంగా కనిపించేది లోపల ఎలా పంపకమవుతోంది? సగటు చెప్పి సరిపెట్టుకోవడం ఆయనకు నచ్చలేదు.

1954లో పద్మభూషణ్ వచ్చింది. 1958లో శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతి మొట్టమొదటిసారి ఇచ్చినప్పుడు అది ఆయనకే వచ్చింది. అణుశక్తి సంఘంలోనూ సభ్యులు. 1961 జూన్‌లో, 62 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

ఆ పని ఇప్పుడు మనకెందుకు

కృష్ణన్ గారి లెక్క పట్టుకుని ట్రాన్స్‌ఫార్మరు కట్టారని నేను చెప్పడం లేదు. అది నిజం కాదు. కాని ఆయన ఏ వింతకు సరైన లెక్క వెతికారో, ఆ కెర్ ఎఫెక్టే తర్వాత ఎక్కువ వోల్టేజి ఇంజనీర్లకు ఒక కన్నులా పనికొచ్చింది.

సంగతి ఇది. ట్రాన్స్‌ఫార్మరు నూనెలో ఏ చోట క్షేత్రం ఎంతుందో కొలవాలి. లోపలికి ఏదైనా పుల్ల పెట్టి కొలుద్దామంటే, ఆ పుల్లే క్షేత్రాన్ని చెదరగొడుతుంది. జ్వరం చూడబోతే జ్వరం మారిపోయినట్టు. కాంతి పంపితే ఆ ఇబ్బంది లేదు. లేజరు వెలుగును నూనెలోంచి పంపి, రెండు దిక్కుల్లో ఊగే వెలుగుల మధ్య వేగం తేడా కొలిస్తే, ఆ దారిలో క్షేత్రం ఎంతుందో తెలిసిపోతుంది. ట్రాన్స్‌ఫార్మరు నూనెలో ఈ తేడా చాలా స్వల్పం. అందుకే ఎంతో సున్నితమైన పరికరాలు కావాలి. అయినా ప్రయోగశాలల్లో చేసి చూపించారు.

మామూలు ఏసీ కరెంటుకు పైన చెప్పిన 2.2, 4.4 అంకెలతో పంపకం చాలావరకు లెక్క కట్టవచ్చు. డీసీ కరెంటు దగ్గర అది చాలదు. అక్కడ నూనెలోకి విద్యుదావేశాలు మెల్లగా చేరి పోగవుతాయి, క్షేత్రాన్ని వాటికి తోచినట్టు మార్చేస్తాయి. కాగితం మీద ఒకటి, నూనెలో మరొకటి. కెర్ ఎఫెక్టుతో కళ్ళారా కొలిచి చూడటం విలువైనది అక్కడే.

ఇది దూరదేశపు కబురు కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని రాయ్‌గఢ్ నుంచి మన తమిళనాడులోని పుగళూరుకు 800 వేల వోల్టుల డీసీ లైను వచ్చింది. మన జిల్లా సరిహద్దు దాటితే రామనాథపురం జిల్లా కముదిలో 648 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం 2016 నుంచి నడుస్తోంది. కయత్తారు చుట్టుపక్కల గాలిమరలు మనం రోజూ చూసేవే. ఎండ, గాలి ఉన్నచోట కరెంటు పుట్టాలి, వందల మైళ్ళ అవతలికి పోవాలి. దానికి ఎక్కువ వోల్టేజి తప్పదు. ఎక్కువ వోల్టేజి ఉన్నచోట క్షేత్రం పంపకం సంగతి తప్పదు. ఆ పని తెలిసిన కుర్రాళ్ళకు ఈ దక్షిణ జిల్లాల్లో రాబోయే రోజుల్లో గిరాకీ ఉంటుంది. మన పిల్లలు ఇంజనీరింగ్ అనగానే కంప్యూటరు ఒక్కటే చూస్తున్నారు. ఎలక్ట్రికల్ చదువు పాతదైపోయిందనుకుంటున్నారు. తల్లిదండ్రులు ఈ విషయం ఆలోచించాలి.

ఇంకొక్క మాట. కొండ కింద పల్లెలో, ఇంట్లో మాతృభాష సాహిత్యం వింటూ పెరిగిన కుర్రాడు ప్రపంచమంతా గౌరవించే శాస్త్రవేత్త అయ్యాడు. మాతృభాష ఆయన చదువుకు అడ్డు రాలేదు, తోడు నిలిచింది. ఇంట్లో తెలుగు మాట్లాడితే పిల్లల చదువు వెనకబడుతుందని భయపడే మనవాళ్ళు ఈ జీవితాన్ని ఒక్కసారి తలచుకుంటే బాగుంటుంది.

డిసెంబరు 4 ఆయన పుట్టినరోజు. ఆ రోజు ఇంట్లో పిల్లల్ని కూర్చోబెట్టుకుని పది నిమిషాలు ఆయన గురించి తెలుగులోనే చెప్పండి. చతురగిరికి వెళ్ళేవాళ్ళు వత్రాప్ మీదుగానే వెళ్తారు. బస్సు ఆ ఊళ్ళో ఆగినప్పుడు కిటికీలోంచి చూపించి, ఇక్కడ పుట్టిన మనిషి ఒకరు ఢిల్లీలో దేశానికి వోల్టు ఎంతో నిలబెట్టారని చెప్పండి. వినే పిల్లల్లో ఎవరు ఏమవుతారో మనకు తెలియదు. చెప్పడం మాత్రం మన వంతు.